నూటికి నూరు, అండాలు మినహా

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలలోపు చేయవలసిన పనులు:

ఒకటి. ప్రస్తుతం లోకంలో ఉన్న ఉద్యోగాలన్నింటి జాబితా రాసి తరగతి గదుల్లో అంటించాలి.

రెండు. ఆ జాబితాలోని ఏ ఉద్యోగానికైనా పనికొచ్చే పాఠం ఉంటే గుర్తించి, దాన్ని చెప్పడం ఆపేయాలి.

మూడు. మిగిలిన ప్రతి పాఠానికీ, అది ఇప్పుడున్న ఏ పనికీ ఉపయోగపడదని ఉపాధ్యాయుడు సంతకం చేసిన ధ్రువపత్రం జతచేయాలి.

నాలుగు. ప్రతి విద్యార్థీ ఇంతవరకు పుట్టని ఒక ఉద్యోగాన్ని తానే ఎంచుకున్నట్టు యాప్‌లో నమోదు చేయాలి. ఒకసారి నమోదైన ఉద్యోగాన్ని మార్చడానికి వీలుండదు.

ఐదు. నమోదు సమయంలో విద్యార్థి చిరునవ్వుతో ఉండాలి. వెనుక బ్యానర్ కనబడాలి.

ఆరు. బాలికల మరుగుదొడ్డి తలుపు విషయం తదుపరి ఉత్తర్వుల వరకు వాయిదా వేయడమైనది.

రాళ్ళకంచ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఈ ఉత్తర్వు మంగళవారం మధ్యాహ్నం, పిల్లలు పప్పన్నం తింటుండగా వాట్సాప్‌లో వచ్చింది. మా బడి నగరం చివర, రింగురోడ్డు దాటాక ఉంటుంది. ఒక పక్క గేటు వేసిన విల్లాలు, ఇంకో పక్క కంకర మిషన్లు. విల్లాల పిల్లలు మా బడికి రారు. కంకర మిషన్ల దుమ్ము మాత్రం ఇద్దరికీ సమానంగా వస్తుంది.

నేను అక్కడ జీవశాస్త్రం చెప్పే విద్యా వాలంటీరుని. డిగ్రీ పట్టా మా ఇంటికి నాతోనే మొదటిసారి వచ్చింది కాబట్టి, ప్రభుత్వం పంపిన కాగితమంటే నాకు గౌరవం. తలకాయ నుంచి సంతకం దాకా చదువుతాను. ఈ ఉత్తర్వునూ అలాగే రెండుసార్లు చదివాను. అర్థం కాలేదు. తప్పు నాదే అయి ఉంటుందనుకున్నాను.

బుధవారం జిల్లా కేంద్రంలో శిక్షణ. భవిష్యత్ సన్నద్ధతా విభాగం ప్రత్యేకాధికారి డాక్టర్ పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. ఆయన ఆ మధ్య ఏదో పెద్ద సదస్సుకు వెళ్ళొచ్చారట. నేటి పిల్లల్లో చాలామంది రేపు చేయబోయే ఉద్యోగాలు ఇంకా పుట్టనే లేదని అక్కడ ఎవరో అన్నారట. విన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టి భోజనానికి లేచి ఉంటారు. పరాంకుశం గారు మాత్రం ఆ మాటను జిల్లాకు తీసుకొచ్చి అమల్లో పెట్టారు.

"ఉనికిలో ఉన్న ఉద్యోగం అనగా ముగింపు దశలో ఉన్న ఉద్యోగం," అన్నారాయన మైకులో. "అట్టి ఉద్యోగానికి విద్యార్థిని సిద్ధపరచుట అనగా, వెళ్ళిపోయిన బస్సుకు టికెట్టు కొనిచ్చుట. ఇకపై మన జిల్లాలో అది శిక్షార్హమైన నిర్లక్ష్యంగా పరిగణించబడును."

మా లెక్కల మేడం సులోచన గారు లేచి నిలబడ్డారు. ఆమెకు సర్వీసు ఇరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పి పదేళ్ళు. అందుకని ఆమె ఊరికే లేవరు. ఎక్కాలు చెప్పాలా వద్దా అని అడిగారు.

పరాంకుశం గారు ఎక్కాలు ఎవరు వాడుతున్నారని ఎదురు అడిగారు. కిరాణా కొట్టువాళ్ళు, మేస్త్రీలు, బస్సు కండక్టర్లు అని మేడం చెప్పారు.

"మీ ప్రశ్నకు మీరే సమాధానం చెప్పుకున్నారు, కూర్చోండి," అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. మేడం కూర్చోవడానికి కొంత సమయం పట్టింది.

బడికి తిరిగొచ్చి జాబితా రాయడం మొదలుపెట్టాం. హెడ్మాస్టర్ వీరేశం సార్ మంచివారు. ఎవరికీ చెడు చేయరు, పైనుంచి ఫోను వస్తే తప్ప. జాబితాను స్టాఫ్ రూంలో బల్లమీద పరిచి, తలా ఒకటి చెప్పమన్నారు. డాక్టరు, నర్సు, డ్రైవరు, దర్జీ, తాపీ మేస్త్రీ, బ్యాంకు మేనేజరు, పూజారి, పోలీసు. నాలుగు షీట్లు నిండాయి. నా ఉద్యోగం రాయాలా వద్దా అన్న దగ్గర కొంత చర్చ జరిగింది. విద్యా వాలంటీరు ఉద్యోగం ప్రతి ఏప్రిల్‌లో పోయి, వస్తే ఆగస్టులో మళ్ళీ వస్తుంది. దాన్ని ఉన్నట్టు లెక్కలోకి తీసుకోవచ్చా? చివరికి వీరేశం సార్ పెన్సిల్‌తో రాశారు.

ఇక పాఠాలు. లెక్కల్లో కూడికలు, శాతాలు, వైశాల్యాలు మొదటి గంటలోనే పోయాయి. భౌతికశాస్త్రంలో కరెంటు పోయింది, ఎలక్ట్రీషియన్లు వాడుతున్నారు కాబట్టి. సాంఘికంలో రాజ్యాంగం పోయింది, లాయర్లు వాడుతున్నారని. తెలుగు పండితుడు సత్తయ్య సార్ తన పద్యాల్లో ఒక్కటి కూడా పోలేదని ముందు చాలా సంతోషించారు. ప్రతి పద్యం కిందా 'ఇది ఏ పనికీ ఉపయోగపడదు' అని సంతకం పెడుతూ పెడుతూ, పదో పద్యం దగ్గర కళ్ళద్దాలు తీసి కాసేపు కిటికీలోంచి చూశారు. తర్వాత మిగతావి కూడా పెట్టారు.

నా జీవశాస్త్రంలో గుండె పోయింది, రక్తప్రసరణ పోయింది, మూత్రపిండాలు పోయాయి. ఇవన్నీ ఆసుపత్రుల్లో వాడకంలో ఉన్నవి. మొక్కలన్నీ రైతుల కింద పోయాయి. అమీబా మిగులుతుందని ఆశపడ్డాను గానీ, ల్యాబ్ టెక్నీషియన్లు గుర్తుకొచ్చారు. చివరికి అంతరించిపోయిన జంతువుల పాఠం ఒక్కటి నిలిచింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు రెండున్నర నెలలు ఉండగా, నేను రాక్షసబల్లులు చెప్పడం మొదలుపెట్టాను. పరీక్షలో మాత్రం పాత పాఠాలే వస్తాయని, పరీక్షల విభాగం వేరని, దానికి ఇంకా భవిష్యత్తు రాలేదని విచారిస్తే తెలిసింది.

గురువారం నమోదు. ఎవరిదైనా ఉన్న ఉద్యోగం టైపు చేస్తే యాప్ ఎర్రగా మారి, 'ఈ ఉద్యోగం ఉనికిలో ఉంది, మరొకటి ఎంచుకోండి' అని చూపిస్తుంది. లేనిదైతే పచ్చ టిక్కు. పిల్లలు అరగంటలో దాని గుట్టు పట్టేశారు. చందమామ మీద మంచినీళ్ళ ట్యాంకర్ల సూపర్‌వైజర్. రోబోల మధ్య పంచాయితీ చెప్పే పెద్దమనిషి. మబ్బులకు ఫెన్సింగ్ వేసే కాంట్రాక్టర్. ప్లాట్లు అమ్మే ఒకాయన కొడుకు, కుజగ్రహం మీద ప్లాట్ల ఏజెంటు అని కొడితే ఎర్రగా వచ్చింది. అప్పటికే ఎవరో అమ్ముతున్నారట. వెనక బెంచీ రాకేశ్ మాత్రం గోడమీది జాబితా అంతా చదివొచ్చి, 'భవిష్యత్ సన్నద్ధతా ప్రత్యేకాధికారి' అని కొట్టాడు. పచ్చ టిక్కు వచ్చింది. ఆ ఉద్యోగం ఉనికిలో లేదని యాపే తేల్చింది. ఈ సంగతి పైకి చెప్పాలా అని నేను వీరేశం సార్‌ని అడిగాను. ఆయన గ్లాసులో నీళ్ళు తాగి, తలుపు దగ్గరగా వేసి, వద్దన్నారు.

పదో తరగతి, మూడో బెంచీ, కిటికీ పక్క. ఎగ్గె అండాలు వంతు వచ్చింది. నాయనమ్మ పేరు పెట్టారు కాబట్టి పేరు పాతది, పిల్ల పదిహేనేళ్ళది. నర్సు అని కొట్టింది. ఎర్రగా వచ్చింది. మళ్ళీ నర్సు అని కొట్టింది.

ఆమె సంగతి నాకు ముందే కొంత తెలుసు. కిందటేడు వాళ్ళ నాయన చెయ్యి కంకర మిషను బెల్టులో పడింది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టడం ఒక నర్సమ్మ ఈ పిల్లకు నేర్పింది. నలభై రోజులు ఇంట్లో ఆమే కట్టు మార్చింది. కట్టు విప్పిన రోజు ఆ నర్సమ్మ గాయం కంటే ముందు ఈ పిల్ల చేతులు చూసి, నీ చెయ్యి వణకదు, ఈ పనికి రా అన్నదట. అప్పటినుంచి అండాలుకు వేరే ఆలోచన లేదు. టెన్త్ పాసు కావాలి, ఇంటర్ చేయాలి, నర్సింగ్‌లో చేరాలి. ఇంత పొట్టి దారిని ఇంత స్పష్టంగా చెప్పిన విద్యార్థి నాకు ఇంకొకరు తగల్లేదు.

ఏదో ఒకటి రాయి బిడ్డా, ఇది యాప్ కోసమే గదా, ఎవరు అడుగుతారు అన్నాను. నా మాటలో నిజం ఉందనే అనుకున్నాను.

"ఒక్కసారి రాస్తే మార్సరాదని కాయిదంల ఉన్నది గద సార్," అంది అండాలు. "రేపు ఇంటర్ల ఇదే జూసి సీటిస్తే? నేను మబ్బులకు కంచె ఏసుకుంట కూసోవాల్నా?"

ఆమె అలా అడుగుతుందని నేను అనుకోలేదు. ఆ ఉత్తర్వును బడిలో పూర్తిగా చదివింది నేనొక్కడినే అనుకున్నాను.

"మల్ల మీరే జెప్పిన్రు, బ్యాంకు ఫారం నింపుడు నేర్పినప్పుడు. ఫారంల అబద్ధం రాయొద్దని. గది గూడ తీసేసిన పాఠమేనా సార్?"

పక్క బెంచీల పిల్లలు నవ్వారు. నేను కూడా నవ్వినట్టు ముఖం పెట్టాను. సులోచన మేడం వచ్చి చూశారు. 'శరీర స్పర్శా సమన్వయకర్త' లాంటి పేరు ఏదైనా పెడితే యాప్ ఒప్పుకుంటుందేమో, లోపల నర్సే కదా అని నచ్చజెప్పారు. అండాలు ఆ పేరును నోట్లో ఒకసారి అనుకుని చూసుకుంది.

"మా నాయినకు జెప్పాలె గద మేడం, నేనేం జదువుతున్ననో. గీ పేరు జెప్తే బడి మాన్పిస్తడు," అంది.

మేడం చేసేది లేక వెళ్ళిపోయారు.

శుక్రవారం సాయంత్రం అయిదుంబావుకు మా బడి లెక్క రెండు వందల పదమూడులో రెండు వందల పన్నెండు. జిల్లాలో అన్ని బడులూ పచ్చగా ఉన్నాయి, మాది ఒక్కటే పసుపు పచ్చ. అయిదున్నరకు పరాంకుశం గారు వీడియోలో వచ్చారు. ఆయన వెనుక కూడా బ్యానర్ ఉంది.

"వీరేశం గారూ, ఒక్క విద్యార్థిని వర్తమానంలో ఇరుక్కుపోయిన కారణంగా యావత్ జిల్లా భవిష్యత్తు నిలిచిపోయినది. ఇది మీ దృష్టికి వచ్చినదా?"

వచ్చినదన్నారు వీరేశం సార్. ఆరింటికి పైవాళ్ళు చూస్తారని, ఆలోగా నూరు శాతం చేయవలసిందని, ఎట్లా చేయాలో తాను చెప్పననీ, తనకు తెలియనవసరం లేదనీ చెప్పి పరాంకుశం గారు తెరమీద నుంచి మాయమయ్యారు.

ఇక్కడ మా శాఖ పనితీరు ఒకటి చెప్పాలి. పిల్లల పేర్లుండే పోర్టల్‌లో డ్రాప్ బాక్స్ అని ఒక చోటుంది. బడి మారిన పిల్లల పేర్లు, కొత్త బడివాళ్ళు తీసుకునేదాకా అందులో ఉంటాయి. అది అసలు దానికోసమే పెట్టారు. కానీ నూటికి నూరు రావాల్సిన రోజుల్లో దానికి ఇంకో వాడకం ఉంది. పని కాని పిల్లల్ని సాయంత్రం అందులో వేస్తాం. మొత్తం సంఖ్య తగ్గుతుంది, శాతం పెరుగుతుంది. పొద్దున్నే తీసి మళ్ళీ బడిలో వేసుకుంటాం. ఇందులో ఎవరికీ నష్టం లేదని అందరం నమ్ముతాం. ఆధార్ నమోదప్పుడు అట్లానే చేశాం, నులిపురుగుల మాత్రలప్పుడు అట్లానే చేశాం.

కంప్యూటర్ ముందు కూర్చున్నది నేను. "సాయిలూ, సోమారం పొద్దుగాలనే తీసేద్దాం. నాది పూచీ," అన్నారు వీరేశం సార్. అండాలు పేరు మీద నొక్కాను. కారణం ఏమిటని అడిగింది. బదిలీ, చదువు మానివేత, మరణం, ఇతరములు. ఇతరములు ఎంచుకుని, పక్కన 'సోమవారం తిరిగి చేర్చబడును' అని రాశాను. నా మటుకు నేను ఫారంలో అబద్ధం రాయలేదు.

అయిదూ యాభై రెండుకు బడి పచ్చగా మారింది. రెండు వందల పన్నెండుకు రెండు వందల పన్నెండు. వీరేశం సార్ మిర్చి బజ్జీలు తెప్పించారు. నేను మూడు తిన్నాను.

సోమవారం పొద్దున్నే పోర్టల్ తెరిస్తే మా బడి పేరు పక్కన తాళం బొమ్మ ఉంది. నూరు శాతం సాధించిన బడుల వివరాలు ఎవరూ చెడగొట్టకుండా స్తంభింపజేశారట. పిల్లను లోపలికి తేవాలంటే తాళం తీయాలి. తాళం తీయాలంటే సమీక్షా సంఘం కూర్చోవాలి. నూరు శాతానికి తక్కువున్న బడి జిల్లాలో ఒక్కటైనా ఉంటే ఆ సంఘం కూర్చుంటుంది. జిల్లాలో అలాంటి బడి లేదు. మేమే లేకుండా చేశాం. పదో తరగతి హాల్ టికెట్లు ఆ తాళం వేసిన జాబితా నుంచే వస్తాయని మంగళవారం తెలిసింది.

నేను సెలవు పెట్టి జిల్లా ఆఫీసుకు వెళ్ళాను. మొత్తం నాలుగుసార్లు వెళ్ళాను, మూడుసార్లు పరాంకుశం గారు సదస్సుల్లో ఉన్నారు. నాలుగోసారి దొరికారు. కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. ఆరోగ్య శాఖ నుంచి వచ్చిన ఒక నర్సు ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తోంది. నేను నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. డ్రాప్ బాక్స్‌లో వేసింది నేనేనని కూడా చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. నెమ్మదిగా ముఖం వికసించింది.

"అనగా ఆ విద్యార్థిని రికార్డు ప్రకారం ప్రస్తుతం లేదు."

లేదండి అన్నాను.

"ప్రస్తుతం లేదు. అనగా ఇంకా లేదు. చూడవయ్యా, మన కార్యక్రమ తాత్పర్యమే ఇంకా లేనివాటికి ప్రాధాన్యమివ్వడం. మిగిలిన విద్యార్థులు ఉనికిలో లేని ఉద్యోగం మాత్రమే సాధించారు. ఈ అమ్మాయి స్వయంగా..."

"సార్, మాట్లాడకుండ్రి. రీడింగ్ ఎక్కువొస్తది," అంది నర్సు.

ఆయన వెంటనే నోరు మూసుకున్నారు. జిల్లాలో ఆయన మాట అలా ఆపగలిగిన మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆమె తలమీదుగా, గోడకు అంటించిన జాబితాలో రెండో వరుసలోనే నర్సు అని ఉంది. ఆమె పట్టీ విప్పి, అంకె రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి వెళ్ళిపోయింది. పరాంకుశం గారు ఆమె వెళ్ళేదాకా చెయ్యి కదపలేదు. తర్వాత నాతో, సమీక్షా సంఘం కూర్చున్నప్పుడు తప్పక పరిశీలిస్తామని, అందాకా ఈ విషయం బయట చెప్పకపోవడం సంస్థ గౌరవానికి మంచిదని సెలవిచ్చారు.

మొదటి పరీక్ష రోజు అండాలు వచ్చింది. సెంటర్ మా బడే. ఇస్త్రీ చేసిన యూనిఫాం, అట్ట, రెండు పెన్నులు. హాల్ టికెట్ ఒక్కటే లేదు, సెంటర్‌లో ఇస్తారని నమ్మి వచ్చింది. చీఫ్ సూపరింటెండెంట్ వేరే ఊరి ఆయన. జాబితా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వేలుపెట్టి చూశాడు. ఈ బడిలో ఈ పేరు లేదమ్మా అన్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"నేను యాడ వోయిన సార్?"

సమాధానం నాకు తెలుసు. పోర్టల్‌లో ఎక్కడుందో, ఏ గడిలో ఉందో, పక్కన ఏం రాసుందో అన్నీ తెలుసు. గంట కొట్టారు. గేటు మూశారు. ఆమె మంచినీళ్ళ డ్రమ్ము పక్కన గోడకానుకుని, లోపలివాళ్ళు బయటికొచ్చేదాకా నిలబడే ఉంది. జీవశాస్త్రం పరీక్ష రోజు కూడా అట్లాగే వచ్చి, బయటికొచ్చిన పిల్లల్ని ఏమేం వచ్చాయని అడిగింది. గుండె బొమ్మ వచ్చిందన్నారు. రాక్షసబల్లుల మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదట.

ఆగస్టులో మా బడికి భవిష్యత్ పురస్కారం వచ్చింది. వీరేశం సార్ శాలువా కప్పించుకున్నారు. నన్ను మళ్ళీ తీసుకున్నారు, పెన్సిల్‌తోనే. సులోచన మేడం మాత్రం ఎవరికీ చెప్పకుండా ఎక్కాలు చెప్పడం మొదలుపెట్టారు. తలుపేసి చెబుతారు. నేను గుండె చెబుతున్నాను.

అండాలు ఇప్పుడు ఓపెన్ స్కూల్‌లో టెన్త్ రాయాలనుకుంటోంది. పొద్దున ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సమ్మ పక్కన నిలబడి పని చూస్తుంది, సాయంత్రం మా వరండాలో చదువుతుంది. దరఖాస్తులో, చివరగా చదివిన బడి నుంచి ధ్రువపత్రం కావాలన్నారు. వీరేశం సార్ దగ్గరికి వెళితే, ఆయన నిజంగానే బాధపడ్డారు. ఇస్తే ఆ పిల్ల మన దగ్గర చదివినట్టవుతుంది, చదివినట్టయితే మనది నూరు కాదు, పురస్కారం వెనక్కివ్వాలి అన్నారు. శాలువా కూడానా అని నేను అడగలేదు.

ఓపెన్ స్కూల్ గుమాస్తా సాయం చేయాలనే చూశాడు. బడికే వెళ్ళలేదని ఒక్క గడిలో టిక్కు పెడితే ఏ కాగితమూ అక్కర్లేదమ్మా, నేనే పెడతాను అన్నాడు. పెన్ను కూడా తీశాడు.

"పదేండ్లు నడిసిన," అంది అండాలు. "రెండు కిలోమీటర్లు పొయ్యేటప్పుడు, రెండు కిలోమీటర్లు వచ్చేటప్పుడు. వోలేదని ఎట్ల రాస్త సార్?"

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని, అయితే ఆమె అక్కడ చదివిందని తెలిసిన ఇద్దరితో రాయించుకు రమ్మన్నాడు. సులోచన మేడం రాశారు. నేనూ రాశాను, నాది చెల్లలేదు. పర్మనెంటు కానివారి సంతకం పనికిరాదట. ఇంకొకరు కావాలి. గడువు ఈ నెలాఖరు. సత్తయ్య సార్‌ని రేపు అడుగుతాను. ఆయన ఆలోచించి చెబుతానంటారని నాకు తెలుసు, అయినా అడుగుతాను.

ఇది చదువుతున్న మీ సంతకం కూడా అక్కడ చెల్లదు. అందుకని సంతకం అడగడం లేదు. ఆ పిల్ల పేరు ఏ జాబితాలోనూ లేదు కాబట్టి, మీరైనా గుర్తుపెట్టుకోండి. ఎగ్గె అండాలు. రాళ్ళకంచ ఉన్నత పాఠశాల, పదో తరగతి, మూడో బెంచీ, కిటికీ పక్క. చెయ్యి వణకదు.